బాపమ్మ చేతులు, నేను పుట్టించిన ఏనుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా బాపమ్మ, అంటే నాన్నమ్మ. అందరికంటే ఆఖరున లేచేవి ఆమె చేతులు. తెల్లవారకముందే గోడకు వీపు ఆనించి కూర్చుని, మొద్దుబారిన రెండు చేతులనూ ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకదానితో తట్టి లేపేది. వేళ్ళు ఒక్కొక్కటే కదిలేవి. కుడి బొటనవేలు అన్నిటికంటే మొండిది. అది కదిలాకే అగ్గిపుల్ల గీసి పొయ్యి అంటించేది. కదలని రోజున మా అమ్మ ఏమీ అడక్కుండా తనే లేచి అంటించేది.

కథలోకి పోయేముందు నా గురించి ఒక మాట చెప్పాలి. మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచలో నన్ను ఎరిగినవాళ్ళు నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వింటారు. వాళ్ళను తప్పు పట్టను. ప్రాణహిత నిండుగా పారుతున్నప్పుడు మా మేక ఈదుకుంటూ అవతలి ఒడ్డుకు పోయి, కాళేశ్వరంలో దర్శనం చేసుకుని, సాయంత్రం నావలో కూర్చుని తిరిగొచ్చిందని నేను ఒట్టేసి చెప్పిన రోజులున్నాయి. ఈ కథలో మాత్రం ఒక్క ఏనుగు తప్ప నేను కలిపింది ఏమీ లేదు. ఆ ఏనుగునైనా ఇప్పుడు కలపలేదు, ఐదో తరగతిలో ఉన్నప్పుడే కలిపాను. దాని సంగతి చెప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మా అమ్మా బాపూ నది ఒడ్డున ఉన్న కొద్ది మడిలో వరి చేసేవాళ్ళు. బాపమ్మ పని వేరు. బాలింతలకు నూనె రాసి ఒళ్ళు పట్టడం, పసిపిల్లలకు నీళ్ళు పోయడం. చిన్న పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, పిల్లను మోకాళ్ళ కిందుగా పడుకోబెట్టుకునేది. పిల్ల తల సరిగ్గా ఆమె రెండు పాదాల మధ్య కుదురుకునేది. గోరువెచ్చటి ఇప్పనూనె అరచేతిలో పోసుకుని గుండె మీద నుంచి భుజాలకూ, భుజాల నుంచి వేళ్ళకూ రాసుకుంటూ వచ్చేది. ఎంత మొండి ఏడుపైనా ఆ నూనె పాదాల దాకా చేరేలోపు ఆగిపోయేది. బాలింతలైతే వెన్నుపూసకు అటూ ఇటూ ఆమె బొటనవేళ్ళు దిగుతుంటే కళ్ళు మూసుకుని, కాన్పు నొప్పులన్నీ అప్పుడే ఒంట్లోంచి పోతున్నట్టు నిట్టూర్చేవాళ్ళు. ఆమె పేరంతా ఆ రెండు బొటనవేళ్ళలోనే ఉండేది. ఎండాకాలంలో తునికాకు కోసి కోసి నడుములు పట్టేసిన ఆడవాళ్ళు కూడా ఆ వేళ్ళను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

ఆమె ఎవరికీ రాననలేదు. రోజుకు ఐదిళ్ళు, ఒక్కోసారి ఆరు. ఇంటికి వచ్చీ రాగానే, నూనె వేడికీ కాగునీళ్ళ వేడికీ కాలిపోతున్న చేతులను గోళెంలోని చల్లనీళ్ళలో మోచేతుల దాకా ముంచి "అబ్బ" అనేది. ఆ ఒక్క "అబ్బ" కోసమే రోజంతా తిరిగిందేమో అనిపించేది నాకు.

పక్కింట్లో ఖాలా ఉండేది. వాళ్ళ ఇంటాయన బస్టాండు దగ్గర సైకిళ్ళు బాగుచేసేవాడు. వయసుతో పని లేకుండా వాడకట్టంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అనే పిలిచేది. ఒక్క మా బాపమ్మే "అక్కా" అనేది. బాపమ్మకు ఈ పని నేర్పింది ఆమే. అయితే ఖాలా రోజుకు రెండిళ్ళకు మించి పోయేది కాదు, శుక్రవారం అసలే పోయేది కాదు. "ఈమెకు గీర ఎక్కువ" అని ఆడవాళ్ళు మూతి తిప్పేవాళ్ళు. ఖాలా వినేది, వక్క కొరుక్కునేది, గడప దాటేది కాదు.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక మా మేనత్త పుట్టింటికి వచ్చింది. ఆమెను జింగనూర్‌లో ఇచ్చారు. అంతకుముందు రెండుసార్లు ఆమె కడుపు నిలవలేదు. రెండుసార్లూ వార్త అడవిదారిన ఆలస్యంగా వచ్చింది, రెండుసార్లూ బాపమ్మ పోయేసరికి అంతా అయిపోయింది. ఈసారి ఎనిమిదో నెల పడగానే బాపు బండి కట్టుకుని పోయి తీసుకొచ్చాడు. అత్త గుమ్మంలో అడుగు పెట్టగానే బాపమ్మ ఆమె కడుపు మీద రెండు చేతులూ ఆనించింది.

"ఊరందరి పిల్లలకు నీళ్ళు పోసిన. నా బిడ్డ బిడ్డకు పోయకపోతే ఈ చేతులెందుకే?" అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆ చేతులు సన్నగా వణుకుతున్నాయి. అది అత్త చూడలేదు. పిట్టగోడ మీద నుంచి ఖాలా చూసింది.

మర్నాడు మధ్యాహ్నం ఖాలా మా ఇంటికి వచ్చింది. నీళ్ళు నిండిన చెంబు బాపమ్మ ముందు పెట్టింది.

"పట్టు."

బాపమ్మ రెండు చేతులతో ఎత్తింది.

"ఒక్క చేత్తోని."

బాపమ్మ చెంబు కింద పెట్టి నవ్వింది. "పొద్దుగాల జర మొద్దువడ్తయక్కా. అంతే."

"అంతే అంటవ్. నీ బిడ్డకు ఇంక రెండు నెల్లు లేదు. అప్పటిదాక ఈ చేతులు ఉంటయా అని అడుగుతున్న నేను."

ఖాలా మా దండెం మీది పాత బొంతను లాగి, గుండ్రంగా చుట్టి చాప మీద పెట్టింది. దాన్ని వీపు అనుకుని పట్టమంది. బాపమ్మ వంగి బొటనవేళ్ళు దించిందో లేదో, ఖాలా విసనకర్ర తిరగేసి వేళ్ళ మీద ఒక్కటేసింది.

"నీ వేలు ఏమన్న గడ్డపారనానే? గంత నడుము పెట్టుకొని వేలుతోని పొడుస్తవేంది? జరుగు."

తను మోకాళ్ళ మీద కూర్చుని, మోచేతులు వంచకుండా, మణికట్టు పక్కనున్న అరచేతి మొదలును బొంత మీద ఆనించింది. ఆనించి, ఒళ్ళంతా ముందుకు తూగింది. అంతే. నొక్కినట్టే కనిపించలేదు. కానీ బొంత సగానికి అణిగిపోయింది. లోతుగా దిగాల్సిన చోట మోచేయి ఆనించి మళ్ళీ అలాగే తూగింది. బలం నడుములోంచి రావాలని, చెయ్యి దానికి దారి మాత్రమే ఇవ్వాలని చెప్పింది. పని కాగానే చేతులను చల్లనీళ్ళలో పెట్టకుండా, ఆరిన గుడ్డ చుట్టుకుని కాసేపు ఊరికే కూర్చోమంది. కుడిచేత్తో ఒక ఇల్లు చేస్తే తరవాతి ఇంట్లో ఎడమచేతిని ముందు పెట్టమంది. ఇవన్నీ బాపమ్మ ఒక్క పూటలో నేర్చుకుంది. ఒక్కటే నేర్చుకోలేకపోయింది.

"పురుడయ్యేదాక ఎవలింటికీ పోకు. ఆ తర్వాత కూడ దినానికి మూడిండ్లే. నాలుగో ఇంటోళ్ళు వస్తే రాను అను."

"బాలెంతను పట్టుకొని రాను అని ఎట్లంటనక్కా? ముఖం చూసినంక నోరు రాదు నాకు."

ఖాలా చూపు మూలన కూర్చుని అన్నీ వింటున్న నా మీద పడింది. ఆ చూపులో మెరుపు నాకింకా గుర్తుంది. మోసం చేసే పెద్దవాళ్ళు అంత ప్రేమగా చూడటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

"నీకు నోరు రాదు. దీనికి ఆగదు," అంది బాపమ్మతో. నన్ను దగ్గరికి పిలిచింది. "రేపటి సంది అరుగు మీద కూసో. ఎవలొచ్చినా 'మా బాపమ్మ పాతగూడెం పోయింది, ఎప్పుడొస్తదో తెల్వదు' అను. గంతే. దాని మీద ఇంకొక్క మాట అన్నవంటే నాలుకకు ఇప్పనూనె రాస్త."

జీవితంలో మొదటిసారి నాకు అబద్ధం చెప్పమని పని అప్పజెప్పారు. నాకు అధికారి కుర్చీ దొరికినట్టయింది. దీపావళి సెలవులు అప్పుడే మొదలయ్యాయి. పొద్దున్నే జడ వేయించుకుని అరుగు మీద కూర్చునేదాన్ని. లోపల బాపమ్మ గోరువెచ్చటి ఉప్పునీళ్ళ పళ్ళెంలో చేతులు పెట్టుకుని, బయట నా మాటలు వింటూ ఊపిరి బిగబట్టేది. వచ్చినవాళ్ళు "అయ్యో" అనుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. ఐదో రోజు తెల్లవారి బాపమ్మ చేతులను తట్టకుండానే లేచింది. అగ్గిపుల్ల మొదటి గీతకే అంటుకుంది. అమ్మ పడుకునే ఉండి, కళ్ళు తెరిచి, ఆ మంటను చూసి నవ్వింది.

ఆరో రోజున కిరాణా దుకాణం అవ్వ వచ్చింది. ఆమె కోడలు బాలింత. నేను నా పాఠం అప్పజెప్పాను. అవ్వ కదల్లేదు. అరుగు మీద చీర సర్దుకుని కూర్చుంది.

"పాతగూడెంల మీకు ఎవలున్నరే?"

"ఎవ్వల్లేరు. పనిమీద పోయింది."

"ఏం పని?"

"మాలిష్ పని."

"గంత దూరం పిలిపిచ్చుకున్నోళ్ళు ఎవలే?"

తెలియదు అంటే సరిపోయేది. ఆ మాట నోటి దాకా కూడా వచ్చింది. అప్పుడే టేకు దుంగలు వేసుకుని ఒక లారీ మా వీధి చివర నుంచి పోయింది. దుంగలు చూడగానే నాకు అడవి కనిపించింది, అడవిలో దుంగలు లాగే ఏనుగులు కనిపించాయి.

"ఏనుగు," అన్నాను.

అవ్వ నోరు తెరిచింది. ఇక నేను ఆగలేదు. అడవి ఆఫీసు వాళ్ళ ఏనుగు దుంగ లాగుతూ లాగుతూ కాలు బెణికించుకుందనీ, మావటి ఏడ్చుకుంటూ జీపులో వచ్చి మా బాపమ్మ కాళ్ళ మీద పడ్డాడనీ, మూడు డబ్బాల ఇప్పనూనె పోసి ఆమె బొటనవేళ్ళతో ఏనుగు కాలు పట్టిందనీ చెప్పాను.

"మరి అది కదలకుండ ఉన్నదా?"

"ముందు కదిలింది. బాపమ్మ 'కూసో' అని ఒక్క దెబ్బ ఏసింది. కూసున్నది."

"శివ శివ!"

"లేచినంక తొండం ఎత్తి దండం పెట్టింది. ఇంకో ఏనుగుకు మెడ పట్టేసిందట, అందుకే బాపమ్మ ఆడనే ఆగిపోయింది."

లోపల ఉప్పునీళ్ళ పళ్ళెం చప్పుడైంది. అవ్వ వెళ్ళిపోయాక నేను భయపడుతూ లోపలికి పోయాను. బాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "దొంగముండా, రెండో ఏనుగెందుకే?" అంది. తిట్టలేదు. ఆ సాయంత్రం ఆమె నా చేత ఆ కథ మళ్ళీ చెప్పించుకుంది. ఏనుగు దండం పెట్టిన చోటుకు రాగానే తన వేళ్ళను చూసుకుంది. ముప్పై ఏళ్ళు ఊరికి సేవ చేసినా ఆ చేతుల గురించి ఎవరూ కథ కట్టలేదు. నేను కట్టాను. అందుకే ఆమె దాన్ని కాదనలేకపోయిందని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

సంత రోజుకల్లా ఏనుగు సిరోంచంతా తిరిగింది. నిజంగా నమ్మినవాళ్ళు కొందరే అయి ఉంటారు. కానీ నమ్మనివాళ్ళు కూడా, ఏనుగు కాకపోతే ఎద్దయినా అయి ఉంటుందని అనుకున్నారు. పాతగూడెం నుంచి ఎప్పుడొస్తుందని అడగడానికే జనం వచ్చారు. అంతకుముందు ఎన్నడూ మా గడప తొక్కనివాళ్ళు వచ్చారు. నది అవతలి నుంచి నావలో వచ్చారు. ఏనుగు కాలు సరిచేసిన చెయ్యి తమ ఇంటి ముసలమ్మ మోకాలు సరిచెయ్యదా అన్నారు. రావద్దని చెప్పడానికి పుట్టించిన కథ రమ్మని దండోరా వేసినట్టయింది.

ఒకరోజు ఎడ్లబండి వచ్చి ఆగింది. గడ్డి మీద పడుకోబెట్టి ఒక బాలింతను తెచ్చారు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, ముఖం పాలిపోయి ఉంది. వాళ్ళ అమ్మ పసిగుడ్డును ఎత్తుకుని అరుగు మీద కూర్చుంది. నేను పాఠం చెప్పాను. ఆమె నన్ను ఏమీ అడగలేదు. "వచ్చేదాక కూసుంటం బిడ్డా" అంది, అంతే. పసిగుడ్డు ఏడుపు మొదలెట్టింది. సన్నగా, ఆగకుండా ఏడ్చింది. లోపల పళ్ళెం పక్కకు జరిగిన చప్పుడు వినిపించింది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి బాపమ్మ నీళ్ళు కారుతున్న చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"పాతగూడెం నుంచి ఎప్పుడొచ్చినవమ్మా?" అని ఎవరో అడిగారు.

"గిప్పుడే," అంది.

ఆ రోజు నుంచి ఆమె మళ్ళీ ఆగలేదు. రోజుకు ఏడిళ్ళు, ఎనిమిదిళ్ళు. మొదట్లో ఖాలా నేర్పినట్టే అరచేతి మొదలుతో తూగి తూగి పట్టేది. కానీ వచ్చినవాళ్ళకు అది చాల్లేదు. వాళ్ళకు ఏనుగును పట్టిన బొటనవేళ్ళు కావాలి. "ఏందమ్మా, ఏనుగుకు గిట్లనే మెల్లగ పట్టినవా? జర గట్టిగ" అని పడుకున్నచోట నుంచే ఎగతాళి చేసేవాళ్ళు. ఆమె వేళ్ళు దించేది.

ఖాలా నా నాలుకకు నూనె రాయలేదు. ఒక మధ్యాహ్నం వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"నీ ఏనుగు ఎక్కడ కూసున్నదో తెల్సునా?" అంది. "మీ బాపమ్మ చేతుల మీద కూసున్నది బిడ్డా. లేపుదమంటే లేస్తలేదు."

నేను లేపడానికి ప్రయత్నించాను. ఏనుగు కథ అబద్ధమని నలుగురికి చెప్పాను. వాళ్ళు నా తల నిమిరి, బాపమ్మను ఇంట్లో దాచుకోవడానికి ఎంత తెలివైన అబద్ధం చెబుతోందో చూడమని నవ్వుకుని పోయారు. నేను చెప్పిన వాటిలో ఊరు నమ్మనిది ఆ ఒక్క నిజమే.

ఇరవై రోజులు గడిచాయేమో. ఒక పొద్దున ఎవరి ఇంట్లోనో కాగులోంచి నీళ్ళు ముంచుతుంటే చెంబు ఆమె చేతిలోంచి జారిపోయింది. పాదం మీద నీళ్ళు పడి బొబ్బలెక్కాయి. కానీ ఇంటికి వచ్చేటప్పుడు ఆమె పాదం చూసుకోవడం లేదు, చెయ్యి చూసుకుంటోంది. కుడి బొటనవేలు లోపలికి వంగి అలాగే ఉండిపోయింది. ఎడమచేతి వేళ్ళకు స్పర్శ లేదు. బాపు దవాఖానకు తీసుకుపోతుంటే నేనూ వెంట పోయాను. డాక్టరు మరాఠీలో చెప్పాడు. బాపమ్మకు మరాఠీ సంతలో బేరం వరకే వచ్చు. డాక్టరు అసలు మాట చెప్పేలోపే బాపు మందుల చీటీ పట్టుకుని పోయాడు. ఆమె నా వైపు చూసింది. నేను మరాఠీ బడిలో చదువుతున్నాను, అన్నీ అర్థమయ్యాయి. నరాలు ఏళ్ళ తరబడి నలిగిపోయాయన్నాడు. ముందే ఆపాల్సింది అన్నాడు. ఇవి మళ్ళీ మునుపటిలా రావు అన్నాడు.

"ఏమన్నడే?"

"తొందరగనే తగ్గుతదట," అన్నాను.

ఆమె నమ్మింది. నేను ఎప్పుడు ఏం చెప్పినా నవ్వుతూ తల ఊపే మా బాపమ్మ, ఆ ఒక్కదాన్ని మాత్రం నవ్వకుండా, పూర్తిగా నమ్మింది. అత్త నెలలను వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, వేళ్ళు ముడుచుకోక, నోటితో లెక్కపెట్టింది.

దీపావళి పోయిన నెలన్నరకు అత్తకు ఆడపిల్ల పుట్టింది. చిన్నగా, పిడికెడంత ఉంది. కానీ గట్టిగా ఏడ్చింది, బతికింది. ఏడో రోజున పిల్లకు నూనె రాసి నీళ్ళు పోయాలి. వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చారు. నా ఏనుగు కథ మొదట విన్న కిరాణా దుకాణం అవ్వ, ఆ ఏనుగు అవ్వ కూడా వచ్చింది. జింగనూర్ నుంచి అత్త వాళ్ళ అత్తగారు వచ్చింది. పెరట్లో తడకల చాటున పీట వేశారు. బాపమ్మ అందరినీ బయటే ఉండమంది. లోపలికి ఖాలాను, నూనె గిన్నె పట్టుకోవడానికి నన్ను రానిచ్చింది.

ఆమె కాళ్ళు బారజాపి కూర్చుంది. ఖాలా పిల్లను తెచ్చి మోకాళ్ళ కిందుగా పడుకోబెట్టింది. తల పాదాల మధ్య కుదిరింది. నేను నూనె పోశాను. బాపమ్మ అరచెయ్యి పిల్ల గుండె మీద పెట్టింది. అక్కడి నుంచి చెయ్యి కదిలింది కానీ వేళ్ళు కదల్లేదు. కర్ర రాసినట్టు రాసుకుపోయింది. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. బాపమ్మ దాన్ని బోర్లా తిప్పబోయింది. నూనె ఒంటి పిల్ల ఆ పట్టులేని చేతుల్లోంచి పక్కకు జారింది. ఖాలా చటుక్కున పట్టుకుంది.

బాపమ్మ తన చేతులను చూసుకుంది. తరవాత నన్ను చూసింది. దవాఖానలో నేను చెప్పిన మాట అబద్ధమని ఆమెకు అప్పుడు అర్థమైంది. అది ఆమె ముఖంలో కనిపించింది. కోపం లేదు ఆ ముఖంలో. అదే ఉంటే ఆ అబద్ధాన్ని నేను ఇంత కాలం మోసేదాన్ని కాదేమో.

ఖాలా పిల్లను మళ్ళీ ఆమె కాళ్ళ మీదే పడుకోబెట్టింది. తను పక్కకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"కాళ్ళు నీవే ఉండనీ చెల్లె. చేతులు నా మీద పెట్టు," అంది.

ఖాలా చేతులు పిల్ల ఒంటి మీద, బాపమ్మ చేతులు ఖాలా చేతుల మీద. అలా రెండు జతలు కలిసి గుండె నుంచి భుజాలకు, భుజాల నుంచి వేళ్ళకు పోయాయి. బాపమ్మ నోటితో "జో జో నా తల్లి, అయిపాయె అయిపాయె" అంటూనే ఉంది. పిల్ల ఏడుపు ఆగింది.

తడక అవతల నుంచి ఏనుగు అవ్వ గొంతు వినిపించింది. "పిల్ల చప్పుడే లేదు! ఏనుగును పట్టిన చేతులాయె మరి. ఏమే, ఎట్ల పోస్తున్నదే మీ బాపమ్మ?"

నేను తడక సందులోంచి తల బయటపెట్టాను. నా నోట్లో అప్పటికే ఒక కథ తయారై ఉంది. ఆ కథలో బాపమ్మ చేతులు మెరుస్తాయి, పిల్ల నవ్వుతుంది. చెప్పడానికి ఊపిరి తీసుకున్నాను.

"వద్దు బిడ్డా," అంది లోపలి నుంచి బాపమ్మ. పాట ఆపి, మెల్లగా అంది. "ఉన్నది చెప్పు."

అంత చిన్న మాట చెప్పడానికి అంత కష్టపడటం నాకు అదే మొదలు.

"మా బాపమ్మ చేతులు పోయినయి," అన్నాను. "ఖాలా పోస్తున్నది."

బయట అప్పటిదాకా సాగిన పరాచికాలు ఆగిపోయాయి. కాసేపటికి ఏనుగు అవ్వ లేచి తడక దగ్గరికి వచ్చింది. లోపలికి చూడలేదు. తడకకు ముఖం దగ్గరగా పెట్టింది.

"నొస్తున్నయని ఒక్క మాట చెప్పకపోతివి చెల్లె," అంది. "మేం గంత ఆగనోళ్ళమా?"

బాపమ్మ కన్నీళ్ళు ఖాలా చేతుల మీద, ఆ నూనెలో పడుతున్నాయి. వాళ్ళు నిజంగా ఆగేవాళ్ళేనా అని నేను చాలాసార్లు ఆలోచించాను. కొందరు ఆగేవాళ్ళు, కొందరు గీర అని మూతి తిప్పేవాళ్ళు. కానీ వాళ్ళకు ఆగే అవకాశం మేం ఇవ్వలేదన్నది నిజం. పాతగూడెం ఇచ్చాం, ఏనుగును ఇచ్చాం. నొప్పిని మాత్రం ఇంట్లోనే దాచుకున్నాం.

ఖాలా తన రెండిళ్ళలో ఒకదాన్ని వదిలి, నలభై రోజులూ మా ఇంటికి వచ్చింది. వదిలిన ఇంటివాళ్ళకు ఎందుకు రానో గుమ్మంలో నిలబడి చెప్పి వచ్చింది. నలభై రోజులూ కాళ్ళు బాపమ్మవి, చేతులు ఖాలావి. ఆ తరవాత అత్త పిల్లను తీసుకుని జింగనూర్ పోయింది. బండి కదిలేటప్పుడు బాపమ్మ పిల్లను ఎత్తుకోలేదు. వంగి తన చెంపను పిల్ల చెంపకు ఆనించింది. బండి మలుపు తిరిగేదాకా రెండు చేతులూ కొంగు కింద దాచుకునే నిలబడింది.

ఆమె ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. చివరిదాకా అమ్మే అన్నం కలిపి పెట్టేది. దవాఖానలో నేను చెప్పిన అబద్ధం గురించి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నేనూ క్షమించమని అడగలేదు. అడగబోయిన ప్రతిసారీ "ఏదన్న కథ చెప్పరాదే" అనేది. నేను మేక గురించో, చేప గురించో ఏదో ఒక కోత కోసేదాన్ని. ఆమె నవ్వేది. మా మధ్య అప్పు అలాగే ఉండిపోయింది.

ఆమె పోయాక ఖాలా అదే బొంతను చుట్టి నాకు పని నేర్పింది. పాతికేళ్ళకు పైగా ఈ పనే చేస్తున్నాను. ఖాలా కూడా వెళ్ళిపోయింది. నా వేళ్ళు ఇంకా పొద్దున్నే నాతోపాటే లేస్తాయి. రోజుకు మూడిళ్ళు చేస్తాను. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే ఆడపిల్లలకు ముందు నూనె పట్టుకోవడం నేర్పను. గుమ్మంలో నిలబడి "ఇయ్యాల నా చేతులు నొస్తున్నయి, రాలేను" అని గట్టిగా, తల దించకుండా అనమంటాను. పదిసార్లు అనిపిస్తాను. వాళ్ళు కిసుక్కున నవ్వుతారు. రెండోసారి అనేటప్పటికి గొంతు సన్నబడుతుంది, నాలుగోసారికి ఏడుపు వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

మొన్న ఒక తల్లి ఫోన్ చేసింది. కూతురు కాన్పయి వారమైందట, పిల్ల రాత్రంతా ఏడుస్తోందట, ఒక్కసారి రమ్మంది. అది నాకు నాలుగో ఇల్లు. ఉన్నది చెప్పాను, ఎల్లుండి వస్తానన్నాను. అటువైపు మాట ఆగిపోయింది. ఫోన్‌లో ఆ పసిగుడ్డు ఏడుపు ఒక్కటే వినిపిస్తోంది. అలాంటప్పుడు నా నోట్లో కథలు వాటంతటవే పుట్టుకొస్తాయి. ఊళ్ళో లేనని, చుట్టాలు వచ్చారని, నది దాటి పోయానని. ఆమె మనసు నొచ్చుకోకుండా, నా పేరు చెడకుండా చెప్పగలిగిన కథలు నా దగ్గర వంద ఉన్నాయి. ఏదీ చెప్పలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని, ఆ ఏడుపు వింటూ, ఆమె "సరే అమ్మా, ఎల్లుండే రా" అనేదాకా మాట్లాడకుండా నిలబడ్డాను.